గిడియన్ ప్రౌస్ గారి కాగితం టోపీ

హాలోఫర్డ్ ఊళ్ళో గిడియన్ ప్రౌస్ గురించి ఎవరిని అడిగినా ముందుగా చెప్పేది, ఆయన పార్లమెంటులో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నాడని. ‘కూర్చున్నాడు’ అన్నచోట గొంతు కాస్త ఒత్తుతారు, కళ్ళు కాస్త నవ్వుతాయి. ఆ తర్వాత వాళ్ళ ఛాతీ కూడా కాస్త పొంగుతుంది.

ఆయన తండ్రి ఉన్ని గుడ్డలు నేయించి అమ్మేవాడు. కొడుక్కి ఆరడుగుల పొడుగు, తలుపు సందులో ఇరుక్కునేంత వెడల్పు భుజాలు వచ్చాయి. ఆ ఒంటికి తగిన గొంతు కూడా లోపల ఎక్కడో ఉండే ఉంటుంది గాని, దాన్ని ఎవరూ వినలేదు. ఒక మనిషితో అయితే గిడియన్ హాయిగా మాట్లాడేవాడు. ముగ్గురు చేరితే చెవులు ఎర్రబడేవి. పదిమంది చేరితే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. పెళ్ళి మాట కూడా ఆయన నోటివెంట రాలేదు. రొట్టెల దుకాణం వాళ్ళమ్మాయి థమసిన్ ఏడాదిన్నర పాటు ఎదురుచూసి, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర ఆయన్ని ఆపింది.

"అడుగుతావా, లేక నాకు పళ్ళూడాక అడుగుతావా?"

"అడుగుతాను" అన్నాడు గిడియన్.

"అడిగేశావుగా. సరే, ఒప్పుకున్నాను" అంది థమసిన్.

ఇలాంటి మనిషి పార్లమెంటుకు ఎలా వెళ్ళాడంటే, అదంతా కుండల పుణ్యం. హాలోఫర్డ్‌లో ఓటు కావాలంటే భూమి అక్కర్లేదు, బిరుదులు అక్కర్లేదు. సొంత పొయ్యి, దాని మీద ఉడికే సొంత కుండ ఉంటే చాలు. ఒకడి బల్ల దగ్గర తిని బతికేవాడు కాదని రుజువు కావాలి, అంతే. అందుకని ఎన్నికకు ముందు వారంలో ఒక రోజు మగవాళ్ళంతా గడప ముందు వీధిలోనే పొయ్యి పెట్టి, పదిమంది కళ్ళెదుట వండుకుని తినేవాళ్ళు. వీధి వీధంతా పొగ, ఉడికే మాంసం వాసన, ఎవరి కుండలో ఉప్పు ఎక్కువైందో చెప్పే ఆడవాళ్ళ గొంతులు.

ఊరికి ఉన్న రెండు స్థానాల్లో ఒకటి ఎప్పుడూ సర్ బెవిల్ డార్క్ గారి కుటుంబానిదే. ఏటి అవతలి గుట్ట మీది పెద్ద భవనం ఆయనది, ఏరు దాటించే పడవ ఆయనది. పదిహేడు వందల యాభై అయిదో సంవత్సరంలో ఖాళీ అయినది రెండో స్థానం. దానికోసం లండన్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. వచ్చినవాడు బండి దిగకుండా, ముక్కుకి సెంటు రుమాలు అడ్డం పెట్టుకుని కుండల వీధిలోంచి పోయాడు. అదే పూట గిడియన్ ఏదో పనిమీద ఆ వీధినే వస్తున్నాడు. ఎవరు గరిటె చాపినా కాదనడం ఆయనకు చేతకాదు. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకి చేరేసరికి అరవై మూడు కుండలు రుచి చూశాడు. రెండు రోజులు మంచం దిగలేదు. ఆ రెండు రోజుల్లోనే నేతగాళ్ళు కూడబలుక్కుని ఆయన పేరు ఇచ్చేశారు.

గెలిచాక వేదిక ఎక్కించి మాట్లాడమన్నారు. గిడియన్ జనాన్ని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. "వాన వచ్చేలా ఉంది" అన్నాడు. వచ్చింది కూడా. ఆ వారంలో ఆ వేదిక మీద నిజమైన మాట అదొక్కటేనని జనం ఈలలు వేశారు.

అలా వెళ్ళి, పంతొమ్మిదేళ్ళు సభలో నోరు తెరవలేదు. అలాగని ఊరికే ఉన్నాడని కాదు. పొద్దున ప్రార్థనకు హాజరైనవాడికే ఆ రోజు కూర్చునే చోటు దక్కుతుంది గనక, ఒక్కరోజూ ప్రార్థన తప్పలేదు. గ్యాలరీ కింద వెనక బల్ల, గోడ మూల ఆయనది. ఆయన సంతకం పెడితే ఉత్తరానికి తపాలా ఖర్చు ఉండదు గనక, హాలోఫర్డ్ తల్లులు లండన్‌లో ఉన్న పిల్లలకు రాసిన ప్రతి ఉత్తరమూ ఆయన చేతిమీదుగానే పోయింది. చలికాలం మేజోళ్ళు పంపాననీ, గంట కట్టిన ఆవు ఈనిందనీ రాసిన ఉత్తరాల మీద పార్లమెంటు సభ్యుడి సంతకం. సభ మర్యాదలన్నీ కంఠతా వచ్చు. కూర్చుంటే టోపీ నెత్తిన ఉండాలి, లేచినా నడిచినా చేతిలో ఉండాలి. తోటివాళ్ళు బల్లల మీద కాళ్ళు చాపి నారింజలు ఒలుచుకుంటుంటే, ఆయన ప్రతి బిల్లూ చివరిదాకా వినేవాడు. అక్కడ అంత ఓపిక ఇంకెవరికీ లేదు.

డెబ్బై నాలుగులో, ఫిబ్రవరి సంత రోజున, వెన్ ఏరు పొంగు మీద ఉండగా పడవ తిరగబడింది. తొమ్మిదిమంది పోయారు. ఊళ్ళో అంతకుముందు కూడా పడవ తిరగబడింది గాని, ఒకేసారి తొమ్మిది శవపేటికలు చర్చి గుమ్మంలో పట్టక ఒకదాని వెనక ఒకటి బయట వానలో ఆగడం ఎవరూ చూడలేదు. ఆ వారమే ఉన్ని సంతశాలలో జనం కూడారు. వంతెన కావాలి. వంతెనకు పార్లమెంటు చట్టం కావాలి. సర్ బెవిల్ ఒప్పుకోడు, ఎందుకంటే పడవ హక్కు వాళ్ళ తాతముత్తాతలకు రాజుగారిచ్చింది. మరి అక్కడ మన తరఫున మాట్లాడేది ఎవరు?

ఎవరూ గిడియన్ వైపు చూడలేదు. చూస్తే ఆయన నొచ్చుకుంటాడని. ఆ చూడకపోవడమే ఆయన్ని పొడిచింది.

"నేను మాట్లాడతాను" అన్నాడు.

కమ్మరి జోబ్ హెల్లియర్ మెల్లిగా, "నువ్వా, గిడియన్ బాబూ? నోటితోనేనా?" అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"నోటితోనే."

అప్పటికప్పుడు అర్జీ రాశారు, రెండు ప్రతులు. ఒకటి సభకు, ఒకటి గిడియన్‌కు. చదువొచ్చినవాళ్ళు పేరు రాశారు, రానివాళ్ళు తమ పని గుర్తు గీశారు. గుర్రపు లాడం, కత్తెర, కత్తి, దారపు కండె, ఇంకా ఎన్నో. దుప్పటంత కాగితం నిండిపోయింది.

బిల్లు ఎలాగో సభలో చివరి మెట్టైన మూడో చదువుదాకా ఈదుకొచ్చింది. ఇక తేలాల్సింది ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం. థమసిన్ కూడా లండన్ వచ్చింది. బసలో కుర్చీలన్నీ వరసగా పెట్టించి, రోజూ వాటికి ప్రసంగం చెప్పించింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు గిడియన్, చెమట తుడుచుకుంటూ.

"కుర్చీలు కదలకుండా విన్నాయి. వాళ్ళు అంత మర్యాదస్తులు కారు, నువ్వే కాస్త గట్టిగా చెప్పాలయ్యా."

ఆ రోజు ఆమె గ్యాలరీలో కూర్చుంది. సరిగ్గా ఆమె కాళ్ళ కింద, కనబడని మూల, ఆయన. ఆయన పక్కన కల్నల్ టిడ్‌మార్ష్. కల్నల్ గారు ఒక ప్రభువుకి బంధువు, వంతెనకు ఓటేస్తానని మాట ఇచ్చిన పెద్దమనిషి. భోజనం దిట్టంగా చేసి వచ్చి, అప్పటికే గురక పెడుతున్నాడు.

గిడియన్ అర్జీ ప్రతిని మడిచి కోటు లోపల పెట్టుకున్నాడు, ఊరివాళ్ళు దగ్గర ఉన్నట్టుంటుందని. సమయం వచ్చిందనుకున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. లేచాడు. అంటే మోకాళ్ళు సగందాకా లేచాయి. అదే క్షణాన ఎదుటి వరసలో సర్ బెవిల్ నిటారుగా లేచాడు. సభాపతి కన్ను ఆయన మీద పడింది. సర్ బెవిల్ పావుగంట మాట్లాడాడు. చక్కగా మాట్లాడాడు. తాతల కాలం హక్కు తీసుకుంటే రేపు ఎవరి గడప మిగులుతుందన్నాడు. ఆయన కూర్చోగానే ఆకలేసిన సభ్యులంతా "తేల్చండి! తేల్చండి!" అని బల్లలు చరిచారు. సగం లేచిన గిడియన్ సగం లేచినట్టే ఉండిపోయాడు. ఆరు వారాలు కుర్చీలకు చెప్పిన ప్రసంగం గొంతులోనే మిగిలిపోయింది.

"ఒప్పుకునేవారు ‘అవును’ అనండి" అన్నాడు సభాపతి.

అప్పుడు గిడియన్ అన్నాడు. పంతొమ్మిదేళ్ళ మౌనం, ఆరు వారాల ప్రసంగం, వానలో నిలబడ్డ తొమ్మిది పేటికలు, అన్నీ కలిసి ఒకే మాటగా బయటికొచ్చాయి. గుమాస్తా చేతిలోంచి కలం జారిపోయింది. సభాపతి పొడుం పీల్చబోయి కంట్లో వేసుకున్నాడు. కల్నల్ మాత్రం లేవలేదు.

‘కాదు’ అన్నవాళ్ళూ అంతే గట్టిగా అన్నారు గనక తలలు లెక్కపెట్టాలన్నారు. గ్యాలరీలో జనాన్ని ఎప్పటిలాగే బయటికి పంపేశారు. కొత్త చట్టం కావాలన్నవాళ్ళు లేచి బయటి వసారాలోకి వెళ్ళాలి. వద్దన్నవాళ్ళు కూర్చున్నచోటే ఉంటారు. తలుపులు మూశాక లోపల ఎవరుంటే వాళ్ళు వద్దన్నవాళ్ళ లెక్క.

గిడియన్ లేచాడు, ఈసారి పూర్తిగానే. రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. కల్నల్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఒక ఓటు. ఇంకెవరైనా అయితే భుజం పట్టి కుదిపేసేవారు. కాని ఉన్ని గుడ్డలవాడి కొడుకు ప్రభువుగారి బంధువును పట్టి కుదపడమా? గిడియన్ వంగి చిన్నగా దగ్గాడు. కాస్త ఆగి మళ్ళీ దగ్గాడు. "కల్నల్ గారూ, తమరు అన్యథా భావించకపోతే..." అన్నాడు. కల్నల్ గురక ఆపి, ఆలోచించి, మళ్ళీ అందుకున్నాడు. మూడోసారి దగ్గేలోపు వెనక తలుపు మూసుకుంది, గొళ్ళెం పడింది.

గిడియన్ నిలబడ్డచోటే నిలబడిపోయాడు. చుట్టూ వంతెన వద్దన్నవాళ్ళు. వాళ్ళ మధ్య, వాళ్ళలో ఒకడిగా, వంతెన అడిగిన మనిషి. లెక్కపెట్టేవాళ్ళిద్దరు వరస వెంట వస్తున్నారు. ఇంకో నిమిషంలో ఆయన వేలు ఆయన ఊరి కంట్లోనే పొడుస్తుంది. ఈ సంగతి ఊళ్ళో ఎలా చెప్పాలి? మా పెద్దమనిషి దగ్గుతూ ఉండగా వంతెన పోయిందని చెప్పాలా?

"సభాపతి గారూ!" అన్నాడు.

"కూర్చోండి! కూర్చోండి!" అని నలుమూలల నుంచీ కేకలు. లెక్క జరిగేటప్పుడు లేచి మాట్లాడకూడదు. కూర్చుని, నెత్తిన టోపీ పెట్టుకునే మాట్లాడాలి. అది గిడియన్‌కు అందరికంటే బాగా తెలుసు. గభాలున కూర్చున్నాడు. టోపీ కోసం చెయ్యి చాపాడు. టోపీ ఉంది గాని, దానిమీద కల్నల్ ఉన్నాడు. నిద్రలో జారి, నింపాదిగా దానిమీదే సర్దుకున్నాడు. అంచు కొంచెం పట్టుకుని లాగితే అంచు మాత్రమే వచ్చింది.

"టోపీ, టోపీ!" అని అరుస్తున్నారు. గిడియన్ జేబురుమాలు తీసి నెత్తిన పరుచుకున్నాడు.

సభాపతి కన్నీళ్ళు తుడుచుకుంటూ (అవి పొడుం కన్నీళ్ళే), "గౌరవ సభ్యులు ముక్కు తుడుచుకునే దాన్ని నెత్తిన పెట్టుకుంటే టోపీ అవదు" అన్నాడు. సభ పగలబడి నవ్వింది.

ఇక మిగిలింది ఒక్కటే. గిడియన్ కోటు లోపలి నుంచి ఆ దుప్పటంత కాగితం లాగాడు. వేళ్ళు వణుకుతున్నా, చిన్నప్పుడు గుడ్డల దుకాణంలో నేర్చిన మడత మరిచిపోలేదు. ఇలా ఒకటి, అలా ఒకటి, అంచులు పైకి. కోణాల టోపీ తయారయింది. నెత్తిన పెట్టుకుని, చెవులు ఎర్రగా, ఆరడుగుల మనిషి బుద్ధిగా కూర్చున్నాడు.

నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. సభాపతి మాత్రం నవ్వలేదు. మనిషిని అటూ ఇటూ పరీక్షగా చూసి, "నెత్తి కప్పుకున్నారు. చెప్పండి" అన్నాడు.

"నేను ఇక్కడ ఉండకూడదండీ."

"మరి ఎక్కడ ఉండాలి?"

"బయట."

మళ్ళీ నవ్వు. ఆ నవ్వుకి కల్నల్ ఉలిక్కిపడి లేచి, "ఎక్కడ మంటలు? ఎక్కడ?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పకపోతే మళ్ళీ కూర్చున్నాడు, ఆ టోపీ మీదే.

"నేను ‘అవును’ అన్నానండీ" అన్నాడు గిడియన్. "అన్నాక వెళ్తూ ఉండగా, పెద్దవారికి నిద్రాభంగం కలిగించడం బాగుండదని... తలుపు పడిపోయింది. నా నోరు ఒకటి చెప్పి, నా ఒళ్ళు ఇంకోటి చెప్పకూడదు కదండీ."

సభాపతి ఈసారి గడ్డం నిమురుకున్నాడు. "నోటితో అన్నదే ఓటు. అది ఈ సభ రివాజు. గౌరవ సభ్యులు ‘అవును’ అనడం విన్నవారు లోపల ఎవరైనా ఉన్నారా?"

లోపల ఉన్నవాళ్ళంతా వద్దన్నవాళ్ళు. వినని చెవి లేదు. కాని ఒక్కరూ కదల్లేదు. కొందరు పైకప్పు చూశారు. ఒకడు తన బూటు మీద బురద గోకాడు.

అప్పుడు సర్ బెవిల్ డార్క్ తన వెండి జరీ టోపీ నెత్తిన సరిగ్గా పెట్టుకుని, కూర్చున్నచోటి నుంచే అన్నాడు:

"నేను విన్నాను. ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను, ఈ చెవి ఇంకా గింగురుమంటోంది. ఆయన ‘అవును’ అన్నాడు."

పక్కవాడు, "ఏమిటి బెవిల్, నీ పడవ!" అని గొణిగాడు.

"నా పడవ నాదే. విన్నది విన్నదే. పదండి, లెక్కపెట్టండి" అన్నాడు సర్ బెవిల్, విసుగ్గా.

గిడియన్‌ను లోపలి లెక్కలోంచి తీసి బయటి లెక్కలో కలిపారు. బయట నలభై రెండు. లోపల, కల్నల్ గారితో కలిపి, నలభై ఒకటి.

థమసిన్ మెట్ల దగ్గర నిలబడి ఉంది. తలుపుల వెనక నుంచి నవ్వులు మాత్రమే వినబడి, ఆమె మొహం పాలిపోయింది. గిడియన్ దిగి వచ్చాడు.

"మాట్లాడావా?"

"మాట్లాడాను."

"నిలబడా?"

"కూర్చుని."

"వంతెన?"

"వచ్చింది."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చేతులు తీసి, "మరి నెత్తి మీద అదేమిటయ్యా?" అంది. వసారా దాటి, గుమాస్తాలను దాటి, కాపలావాళ్ళను దాటి, ఇద్దరు బిషప్పులకు వంగి నమస్కారం పెట్టి మరీ వచ్చాడు దాంతోనే. బిషప్పులు ఎందుకు అంత మర్యాదగా దారి ఇచ్చారో ఆయనకు అప్పుడు అర్థమైంది: చూడ్డానికి వాళ్ళ కోణాల టోపీలాగే ఉంది అది.

ప్రభువుల సభ ఆ బిల్లును పెద్దగా పట్టించుకోకుండా దాటించేసింది. ఊరికి వెళ్ళే దారిలో గిడియన్ భార్యను రెండు రోజులు బతిమాలాడు. "ఒక్క ఓటుతో నెగ్గిందని చెబుదాం. టోపీ సంగతి వద్దు."

"నేనెందుకు చెబుతాను?" అంది థమసిన్. బండి దిగిన అరగంటకి ఊరంతా తెలిసిపోయింది.

ఉన్ని సంతశాల కిక్కిరిసింది. కాగితం చూపించమన్నారు. చూపిస్తే చాలదు, పెట్టుకోమన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు, చెవులు ఎర్రబడ్డాయి. చివరికి కమ్మరి జోబ్ స్టూలు తెచ్చి, పట్టి కూర్చోబెట్టాడు. పాత మడతల వెంబడి మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు. అప్పుడు మొదలైంది గొడవ.

"నుదుటి మీద ఉంది నా లాడమే!" అని జోబ్ ఎగిరాడు. "సభాపతి ఎదురుగా! పార్లమెంటంతా చూసింది!"

"నీ లాడం సగం మడతలో పోయింది. పూర్తిగా కనిపించేది నా కత్తి" అన్నాడు కసాయి ట్రిస్ట్రమ్ పాస్కో. "చూడండి, సర్ బెవిల్ వైపే గురిపెట్టి ఉంది!"

"నాది మెడ వెనకాలా? అక్కడ గోడ తప్ప ఏముంది? గోడకి చూపించడానికా నేను సంతకం పెట్టింది?" అని దర్జీ కోపగించాడు. గిడియన్‌ను కుమ్మరి సారె మీది మట్టిముద్దలా స్టూలు మీదే అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు.

ఆ తోపులాటలోంచి లేసు అల్లే హెప్సిబా వచ్చి నిలబడింది. అందరూ తగ్గారు. ఆ తొమ్మిది పేటికల్లో ఒకటి ఆమె కొడుకుది. ముసలామె టోపీ చుట్టూ నిదానంగా తిరిగి వెతికింది. ఆమె గుర్తు లేసు కండె. ఎక్కడా లేదు.

"నాది కనబడదేం, బాబూ?"

గిడియన్ కాగితం తీసి, విప్పి, చూశాడు. కండె మడతలకి లోపలి వైపున, సరిగ్గా మధ్యలో ఉంది.

"లోపలికి పోయిందమ్మా" అన్నాడు. శాలలో రెండు వందలమంది ఉన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. "వాళ్ళందరివీ సభకు కనబడ్డాయి. నీది నా నెత్తిన ఆనుకుని ఉంది. అక్కడ నాకు చేతులు వణుకుతుంటే, ఏం చెప్పాలో తెలిసింది."

హెప్సిబా కాసేపు ఆ కాగితం కేసి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "విన్నారుగా. ఇక మీరు మీ ముందువైపు కోసం కొట్టుకోండి" అంది. వెళ్ళి ముందు వరసలో కూర్చుంది, ఇంకెవరూ లేవమనని చోట.

వంతెన మూడేళ్ళకు పూర్తయింది. అయిదు కమానులు, బూడిద రంగు రాయి. ఫిబ్రవరి సంత రోజున వెన్ ఏరు ఎర్రగా, ఎత్తుగా పొంగి పారుతుంటే, మేకలను తోలుకుంటూ, గంపలు మోసుకుంటూ, కబుర్లాడుకుంటూ జనం దానిపై నుంచి నడుస్తారు. కిందికి చూసేవాళ్ళు కూడా తక్కువే.